మందు ఉచితమైతే, మందును ఎంచే పరీక్ష కూడా ఉచితం కావాలి

శ్రీకాకుళం: పేదవాడికి పెద్ద జబ్బు చేస్తే ప్రభుత్వమే బీమా కట్టి వైద్యం చేయించే పద్ధతి ఉమ్మడి రాష్ట్రంలో మొట్టమొదట మొదలైన మూడు జిల్లాలలో శ్రీకాకుళం ఒకటి. 2007 ఏప్రిల్ 1న అనంతపురం, మహబూబ్‌నగర్‌లతో పాటు ఇక్కడ ఆరోగ్యశ్రీ ప్రారంభమైంది. ఆనాడు ప్రీమియం ప్రభుత్వం కట్టింది. ఆస్పత్రి బిల్లు స్టార్ హెల్త్ అనే బీమా కంపెనీ చెల్లించింది. తెల్లకార్డు పట్టుకుని విశాఖ వెళితే కాన్సర్ ఆపరేషను కూడా అవుతుందన్న మాట ఈ జిల్లా పల్లెలకు అప్పుడే తెలిసింది. అంతకు ముందు పొలం అమ్ముకోవడమో, మంచం పట్టి ఊరుకోవడమో, రెండే దారులు.

ఆ తరువాత బీమా కంపెనీ తప్పుకుని ట్రస్టే నేరుగా చెల్లించే రోజులు వచ్చాయి. పథకం పేరు ప్రభుత్వం మారినప్పుడల్లా మారింది. 2024 నుంచి అది డాక్టర్ ఎన్టీఆర్ వైద్యసేవ. కుటుంబానికి మొదట 2 లక్షల రూపాయలుగా ఉన్న పరిమితి పెరుగుతూ వచ్చి 2023 డిసెంబరులో 25 లక్షలు అయింది. అంకె పెద్దదే. కాని ఈ 18 ఏళ్లలో పథకం కన్నా వేగంగా కాన్సర్ వైద్యమే మారిపోయింది. ఆ మార్పును పథకం పూర్తిగా అందుకోవలసి ఉంది.

పూర్వం డాక్టరు అడిగే ప్రశ్న ఒక్కటే: కాన్సర్ ఎక్కడ వచ్చింది? రొమ్ములోనా, ఊపిరితిత్తిలోనా, పేగులోనా? చోటును బట్టి మందు. ఇప్పుడు రెండో ప్రశ్న వచ్చింది: ఆ గడ్డలో ఏ గుర్తు ఉంది? రొమ్ములో పుట్టిన రెండు గడ్డలు పైకి ఒకేలా కనిపించినా లోపల వేరు జాతులు కావచ్చు. ఒకదానికి పనిచేసిన మందు రెండోదానికి పనిచేయదు. వరి రైతుకు ఇది విడమరచి చెప్పనక్కరలేదు. సుడిదోమ పట్టిన చేనుకు కాండం తొలిచే పురుగు మందు కొడితే డబ్బు పోతుంది, చేనూ పోతుంది. ముందు దుబ్బు విడదీసి ఏ పురుగో చూస్తారు. కాన్సర్‌లో ఆ చూడడాన్నే బయోమార్కరు పరీక్ష అంటున్నారు. మార్కరు అంటే గుర్తు, అంతే. పేరు ఇంగ్లీషులో ఉండబట్టి జనానికి అదేదో ధనవంతుల వైద్యంలా వినిపిస్తోంది.

రొమ్ము కాన్సర్ సంగతే చూస్తే, ఇది మన దేశపు ఆడవారికి వచ్చే కాన్సర్లలో మొదటి స్థానంలో ఉంది. 2022లో దేశంలో కొత్తగా సుమారు 1 లక్షా 92 వేల మందికి వచ్చినట్లు అంతర్జాతీయ సంస్థల అంచనా. గడ్డ నుంచి తీసిన ముక్కకు ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 అనే మూడు గుర్తుల కోసం రంగు వేసి చూస్తారు. దీన్ని ఐ.హెచ్.సి. పరీక్ష అంటారు. ఇ.ఆర్. ఉంటే టామాక్సిఫెన్ వంటి బిళ్లలు ఏళ్ల తరబడి వాడిస్తారు. అది రోజుకు కొద్ది రూపాయల బిళ్ల. ఇ.ఆర్. లేని మనిషికి ఆ బిళ్ల దండగ. హెర్-2 రిపోర్టులో 3 ప్లస్ అని వస్తే ట్రాస్టుజుమాబ్ అనే ఇంజక్షను మూడు వారాలకొకటి చొప్పున, సాధారణంగా ఏడాది పాటు ఇస్తారు. సున్నా గాని 1 ప్లస్ గాని వస్తే ఆ ఇంజక్షను ఇవ్వరు. 2 ప్లస్ వస్తే అటూ ఇటూ కాని స్థితి. అప్పుడు ఫిష్ అనే మరో పరీక్ష చేయాలి. దాని ఖరీదు మొదటిదానికన్నా చాలా ఎక్కువ. నిర్ణయం ఆగిపోయేది సరిగ్గా ఈ 2 ప్లస్ దగ్గరే.

ఊపిరితిత్తుల కాన్సర్‌లో సంగతి ఇంకా తేటగా ఉంది. జెఫిటినిబ్ అనే బిళ్ల మీద తూర్పు ఆసియా దేశాలలో 1,217 మంది రోగులతో జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. ఇ.జి.ఎఫ్.ఆర్. అనే జన్యువులో మార్పు ఉన్నవారికి ఈ బిళ్ల ఇస్తే నూటికి 71 మందికి గడ్డ తగ్గింది. మార్పు లేనివారికి ఇదే బిళ్ల ఇస్తే తగ్గింది నూటికి ఒక్కరికి! అదే రెండో గుంపులో మామూలు కీమో తీసుకున్నవారికి నూటికి 23 మందికి తగ్గింది. అంటే పరీక్ష లేకుండా బిళ్ల చేతిలో పెట్టడం గుడ్డెద్దు చేలో పడ్డట్లే గాక, పనిచేసే కీమోను రోగికి దూరం చేయడం కూడా. కాన్సర్ బిళ్లలు చవకగా దొరకడానికి మన దేశపు జనరిక్ కంపెనీలు చాలా కృషి చేశాయి. వాటిలో హైదరాబాదు నాట్కో కూడా ఉంది. చవక బిళ్ల దుకాణంలో ఉంది. అది ఎవరికి పనిచేస్తుందో చెప్పే కాగితం మాత్రం రోగి దగ్గర ఉండదు.

ఖర్చు ఎవరి నెత్తిన?

మందస మండలంలో జీడిపిక్కలు కొట్టే ఒక కార్మికురాలికి రొమ్ములో గడ్డ కనిపించిందనుకుందాం. దగ్గరలోని నర్సింగ్ హోములో చూపిస్తారు. అక్కడ చిన్న ఆపరేషను చేసి గడ్డ తీస్తారు. బయాప్సీకి పంపిస్తారు. ఆ డబ్బు చేతిదే. కాన్సర్ అని తేలాక విశాఖ వెళ్లమంటారు. అగనంపూడిలోని టాటా వారి హోమీ భాభా కాన్సర్ ఆస్పత్రో, కె.జి.హెచ్.ఓ, నెట్‌వర్కులో ఉన్న మరో ఆస్పత్రో. పథకంలోని ఉచితం సూత్రప్రాయంగా ఆస్పత్రిలో రిపోర్టు చేసినప్పటి నుంచి డిశ్చార్జి తరువాత 10 రోజుల మందుల వరకు. ప్యాకేజీల పేర్లు చూస్తే ఆపరేషను, రేడియేషను, ఫలానా కీమో. అన్నీ చికిత్సల పేర్లే. ఆ చికిత్సను నిర్ణయించే పరీక్ష వాటికంటె ముందు వస్తుంది. కొంత చిన్న ఊళ్లో, కొంత ఓ.పి.లో, కొంత ప్రైవేటు లాబులో జరుగుతుంది. పథకం గడప ఇవతలే చాలా ఖర్చు అయిపోతుంది.

పరీక్ష ఖర్చు ప్యాకేజీలోనే కలిసి ఉందని అనుకున్నా చిక్కు తీరదు. ప్యాకేజీ అంటే గుత్త. గుత్తలో ప్రతి అదనపు పరీక్షా ఆస్పత్రి లాభాన్ని కోస్తుంది. కనుక పరీక్షను బయట చేయించుకు రమ్మనాలన్న ఆశ గుత్త పద్ధతిలోనే ఉంది. దీనికి ఏ ఒక్క ఆస్పత్రినీ తిట్టి ప్రయోజనం లేదు.

ఐ.హెచ్.సి. కొన్ని వేలలో అవుతుంది. ఒకేసారి పదుల జన్యువులను చూసే ఎన్.జి.ఎస్. పరీక్ష పదుల వేలలో ఉంటుంది. 2025-26లో ఈ రాష్ట్రంలో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. పదివేల రూపాయల పరీక్ష అంటే దాదాపు 33 రోజుల కూలి. అదీ జబ్బు మనిషి, ఆమెకు తోడుగా వెళ్లే మనిషి ఇద్దరూ పనికి పోలేని రోజులలో. పైపెచ్చు ఇచ్ఛాపురం నుంచి విశాఖకు దాదాపు 250 కిలోమీటర్లు. రిపోర్టు వచ్చిందో లేదో కనుక్కోవడానికే రెండు సార్లు రైలెక్కినవారు పరీక్ష మానేసి ఇంటికి వచ్చేస్తామంటే తప్పు పట్టలేం.

కేంద్ర ప్రభుత్వం ట్రాస్టుజుమాబ్, జెఫిటినిబ్, ఇమాటినిబ్ మందులను జాతీయ అత్యవసర మందుల జాబితాలో పెట్టింది. 2024 జూలై బడ్జెట్టులో ట్రాస్టుజుమాబ్ డెరక్స్‌టెకాన్, ఒసిమెర్టినిబ్, దుర్వాలుమాబ్ అనే మూడు కొత్త కాన్సర్ మందులకు కస్టమ్స్ సుంకం ఎత్తివేసింది. మంచిదే. ఈ మూడింటిలో మొదటి రెండూ గుర్తు చూడకుండా రాసే మందులు కావు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే ఇ.ఆర్., పి.ఆర్., హెర్-2 పరీక్షలను తన అత్యవసర పరీక్షల జాబితాలో చేర్చింది. మందును జాబితాలో ఉంచి, ఆ మందుకు దారి చూపే పరీక్షను రోగి జేబుకు వదిలితే అది ఏనుగును దానమిచ్చి అంకుశం దగ్గర పేచీ పెట్టినట్లు అవుతుంది.

డబ్బు కట్టి పాలసీ కొన్నవారికీ తిప్పలే

శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలలోని చిన్న వ్యాపారులు, ప్రైవేటు ఉద్యోగులు తమకు మెడిక్లెయిము ఉంది కదా అని నిశ్చింతగా ఉంటారు. పాలసీ కాగితం వెనుక చిన్న అక్షరాలు చదివితే నిశ్చింత తగ్గుతుంది. దేశంలోని ఆరోగ్య పాలసీలన్నింటికీ బీమా నియంత్రణ సంస్థ ఒకే రకం మినహాయింపులు రాసిపెట్టింది. వాటిలో నాలుగవది, కేవలం పరీక్షల కోసం ఆస్పత్రిలో చేరితే ఆ ఖర్చు ఇవ్వనక్కరలేదని చెబుతుంది. చికిత్సకు సంబంధించిన పరీక్ష అయితే ఇవ్వాలి. అయితే దానికి ఆస్పత్రిలో చేరడం అనే గుంజ ఒకటి కావాలి. 2020లో వచ్చిన ఆరోగ్య సంజీవని పాలసీలో చేరడానికి ముందు 30 రోజులు, తరువాత 60 రోజులు లెక్కలోకి వస్తాయి. బిళ్లలతోనే నడిచే ఊపిరితిత్తుల కాన్సర్ రోగి అసలు ఆస్పత్రిలో చేరకపోవచ్చు. మరి ఏ తేదీ నుంచి 30 రోజులు లెక్కపెడతారు?

2019లో అదే నియంత్రణ సంస్థ 12 రకాల ఆధునిక చికిత్సలను పాలసీల నుంచి తీసివేయకూడదని కంపెనీలను ఆదేశించింది. నోటి ద్వారా తీసుకునే కీమో, ఇంజక్షనుగా ఇచ్చే ఇమ్యునోథెరపీ అందులో ఉన్నాయి. ఆ జాబితాలో గుర్తు పరీక్ష పేరు లేదు. ఇక్కడా చికిత్సకు చోటు దొరికింది, పరీక్ష గడప బయట నిలబడింది.

ఇతర దేశాలు ఈ ముడిని చట్టంతో విప్పాయి. అమెరికాలో ఇల్లినాయ్ రాష్ట్రం 2021లో బయోమార్కరు పరీక్షలకు బీమా కంపెనీలు డబ్బు ఇవ్వాలని చట్టం చేసింది. 2023లో, తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉంటున్న టెక్సాస్ రాష్ట్రం కూడా చేసింది. ఇంకా అనేక రాష్ట్రాలు అదే బాట పట్టాయి. అక్కడ మన జిల్లా పిల్లలకు చట్టబద్ధంగా దక్కగల పరీక్షకు ఇక్కడ వారి అమ్మానాన్నలు అప్పు చేయవలసి రావడం బాగులేదు.

ఉద్దానం ఎలా నేర్చుకుంది?

పరీక్షలు పల్లె జనానికి అర్థం కావని అధికారులు అనుకుంటే ఉద్దానం వెళ్లి చూడాలి. కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో అక్షరం రాని వృద్ధులు కూడా తమ క్రియాటినిన్ ఎంతో చెబుతారు. పక్కింటివారిది కూడా చెబుతారు. కిడ్నీ జబ్బు కారణం ఇప్పటికీ వివాదమే అయినా, రక్త పరీక్ష ఊళ్లోకి వచ్చింది. డయాలసిస్ కేంద్రాలు దగ్గరయ్యాయి. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆస్పత్రి ప్రారంభమయ్యాయి. ఇదంతా ఊరికే రాలేదు. ఏళ్ల తరబడి జనం అడిగారు, పత్రికలు రాశాయి. కాన్సర్ రోగులకు అలా ఒక ప్రాంతమూ, ఒక పేరూ లేవు. ఊరికొకరు ఇద్దరు చొప్పున చెదిరి ఉంటారు కనుక వారి గోడు ధర్నా రూపంలో కనిపించదు.

ఇది గాక ఈ జిల్లాకు కాన్సర్ శాస్త్రంతో పాత బాకీ ఒకటుంది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు గురించి పరిశోధకులు ఈ జిల్లాలో 10,169 మంది పల్లె ప్రజల నోళ్లు పరీక్షించారు. ఆ ఫలితాలు 1971లో ఇంగ్లండులోని కాన్సర్ పత్రికలో అచ్చయ్యాయి. అంగిటి మచ్చల గురించి ప్రపంచంలో ఎక్కడి వైద్య విద్యార్థి చదివినా శ్రీకాకుళం పల్లెల లెక్కలు చదివినట్లే. ఆ లెక్కలకు నోరు తెరిచి చూపిన అవ్వల మనుమరాళ్లకు ఇవాళ అదే శాస్త్రం కనిపెట్టిన పరీక్ష అందాలని కోరడం అత్యాశ కాదు.

అయితే ఒక మాట నిజాయితీగా చెప్పాలి. అన్ని కాన్సర్లకూ ఈ పరీక్షలు అవసరం లేదు. అదే అంగిటి కాన్సర్‌కు, నోటి కాన్సర్‌కు తొలి వైద్యం నేటికీ ప్రధానంగా ఆపరేషను, రేడియేషనే. అక్కడ వేలు పోసి జన్యువులన్నీ చూసినా తొలి నిర్ణయం మారేది తక్కువ. ప్రభుత్వం తలుపు బార్లా తెరిస్తే ప్రతి రోగికీ పెద్ద పరీక్ష రాసి బిల్లు పెట్టేవారు బయలుదేరతారు. ఈ రాష్ట్రంలో పథకం పేరు చెప్పి అవసరం లేని ఆపరేషన్లు చేశారన్న ఆరోపణలు ఎవరూ మరచిపోలేదు. కాబట్టి అడగవలసింది అన్ని పరీక్షలూ కాదు. రిపోర్టును బట్టి మందు మారే పరీక్షలు, ఆ మారిన మందు పథకంలో ఉన్న పరీక్షలు. రొమ్ముకు మూడు గుర్తులు, 2 ప్లస్ వస్తే ఫిష్. ఊపిరితిత్తికి ఇ.జి.ఎఫ్.ఆర్., ఎ.ఎల్.కె. వంటివి. ముదిరిన పెద్దపేగు కాన్సర్‌కు రాస్ జన్యువులు. ఒక రకం రక్త కాన్సర్‌కు బి.సి.ఆర్.-ఎ.బి.ఎల్. జాబితా ఒక పేజీ దాటదు. ఇవి ప్యాకేజీ గుత్తలో కలపకుండా విడిగా రేటు కట్టి, పరీక్ష చేసిన లాబుకు నేరుగా చెల్లిస్తే ఆస్పత్రికి నష్టమనే మాట ఉండదు, రోగిని బయటికి తరిమే పని ఉండదు.

ఈ కోరికకు ఇప్పుడే ఎందుకు తొందర అంటే, బీమా కంపెనీ మళ్లీ వస్తోంది. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం కొత్త ఆరోగ్య బీమా విధానానికి ఆమోదం తెలిపింది. 2.5 లక్షల రూపాయల వరకు బీమా కంపెనీ, ఆపైన 25 లక్షల వరకు ట్రస్టు చెల్లించే మిశ్రమ పద్ధతి అది. గుర్తు పరీక్ష ఖర్చు ఎప్పుడూ మొదటి 2.5 లక్షలలోనే పడుతుంది, అంటే కంపెనీ చేతిలో. ట్రస్టు అయితే మంత్రి చెబితేనో, కలెక్టరు రాస్తేనో కాస్త కరుగుతుంది. కంపెనీ కాగితం చూస్తుంది. కాగితంలో పరీక్ష పేరు ఉంటే ఇస్తుంది, లేకపోతే ఇవ్వదు. అలా చేయడం దాని వ్యాపారం, దానిని తప్పు పట్టేదేమీ లేదు. పేరు రాయించవలసింది ప్రభుత్వం. ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు, పార్లమెంటు సభ్యులు ముఖ్యమంత్రి సహాయనిధి దరఖాస్తుల మీద సంతకాలు చేయడానికి వెచ్చించే సమయంలో కొంత దీనికి వెచ్చిస్తే, ఆ దరఖాస్తులలో కొన్ని అసలు రాయవలసిన అవసరమే ఉండదు.

2024 నవంబరులో రాష్ట్ర వైద్యశాఖ ఇంటింటికీ వెళ్లి నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరిశీలన మొదలుపెట్టింది. గడ్డను కనిపెట్టి చెప్పిన ఏ.ఎన్.ఎం. వెంటనే ఎదుర్కొనే ప్రశ్న, 'తరువాత ఏం చేయాలమ్మా?' అని. దానికి జవాబు జిల్లాలోనే ఉండాలి. శ్రీకాకుళంలో ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. 2023లో విజయనగరంలోనూ వచ్చింది. ఈ రెండు చోట్లా పాథాలజీ విభాగాలలో రొమ్ము మూడు గుర్తుల పరీక్ష ఏడాది పొడుగునా ఆగకుండా జరిగే ఏర్పాటు చేయాలి. రసాయనాలు అయిపోయాయి, వచ్చే నెల రండి అనే మాట వినపడకూడదు. పెద్ద పరీక్షలకు నమూనాను అగనంపూడికి గాని మరో చోటికి గాని పంపే బాధ్యత ఆస్పత్రిదే కావాలి. ముక్కను రోగి బంధువు సంచిలో వేసుకుని తిరగడం మాన్పించాలి.

ఈలోగా రోగుల తరఫువారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. బయాప్సీ చేసిన ముక్కను లాబులో మైనపు దిమ్మగా చేసి ఉంచుతారు. బ్లాకు అంటారు. తరువాతి పరీక్షలన్నీ దాని మీదనే చేస్తారు. లాబు మారినప్పుడు రిపోర్టుతో పాటు బ్లాకునూ, స్లైడ్లనూ అడిగి తీసుకోవాలి. అవి ఉంటే మళ్లీ సూది గుచ్చే పని చాలాసార్లు తప్పుతుంది. పరీక్ష బయట చేయించమంటే డబ్బు కట్టేముందు ఆస్పత్రిలోని వైద్యమిత్ర దగ్గరకు గాని, 104కు గాని వెళ్లి ఇది పథకంలో ఉందా అని అడగాలి. లేదంటే ఆ మాట కాగితం మీద రాసివ్వమనాలి. సహాయనిధికి ఆ కాగితమే ఆధారం.

చిన్న ఊళ్లలో గడ్డలు తీసే సర్జన్లకూ ఒక విన్నపం. ముక్కను ఉప్పునీటి సెలైనులో వేసి ఇస్తే తరువాత గుర్తులు పట్టడం కష్టమవుతుంది. ఫార్మలిన్‌లోనే వేయాలి. వేసిన టైము సీసా మీద రాయాలి. రొమ్ము ముక్క ఫార్మలిన్‌లో 6 గంటలకు తక్కువ గాని, 72 గంటలకు ఎక్కువ గాని ఉండకూడదన్నది అంతర్జాతీయ నియమం. శనివారం సాయంత్రం 6 గంటలకు టెక్కలిలో తీసిన ముక్క మంగళవారం సాయంత్రం 6 లోగా లాబులో తరువాతి దశకు వెళ్లాలి. మధ్యలో ఒక ఆదివారం ఉంటుంది.